కరిగిపోయిన మైనము

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి బస్తరు సీమలో, జగదల్పూరునుండి రాయపూరునకు పోవు మార్గమున, కొండగావ్ అను పట్టణము కలదు. అచ్చటి ఘఢ్వా కులస్థులు తరతరములుగా ఇత్తడితో ప్రతిమలను పోతపోయుచున్నారు. ఈ పనిని ఢోక్రా అందురు. ఆదిలాబాదు ప్రాంతమందలి ఓజ కుటుంబములవారును ఈ విద్యనే ఎరుగుదురు గనుక తెలుగువారికి ఇది బొత్తిగా క్రొత్త సంగతి కాదు. మొహెంజొదారోలో దొరకిన నర్తకి ప్రతిమ నాలుగువేల యేండ్లకు పూర్వమే ఇట్టి మైనపు పోతతో చేయబడినది.

పని జరుగు తీరు ఇది. మొదట మట్టితో లోపలి ముద్దను చేసి ఆరబెట్టుదురు. తేనెమైనమును సన్నని దారములుగా తీసి ఆ ముద్దకు చుట్టుదురు. కన్నులు, నగలు, ఏనుగు తొండము, ఎద్దు కొమ్ములు, సమస్తమును మైనముతోనే తీర్చిదిద్దుదురు. దానిపై మెత్తని మన్ను పూసి కొలిమిలో పెట్టగా మైనము కరిగి పోవును. అది విడిచిన ఖాళీలోనికి కరిగిన ఇత్తడి ప్రవహించును. చల్లారిన పిమ్మట మట్టి అచ్చును పగులగొట్టి ప్రతిమను వెలికి తీయుదురు. చూపరులకు కనబడునది ఇత్తడి. ఆ ఇత్తడికి రూపమిచ్చిన మైనము అక్కడ ఒక్క చుక్కయైనను మిగులదు.

ఇది ఒక్కరివలన అగు పని కాదు. మన్ను తెచ్చి జల్లించుటకును, మైనపు దారము తీయుటకును, కొలిమికి కట్టెలు కూర్చుటకును, ఆకురాయితో రుద్ది మెరుగుపెట్టుటకును ఇంటిల్లిపాది చేయి కావలెను. కొండగావ్‌వాడైన జయదేవ్ బఘేల్ తండ్రియొద్ద ఈ విద్య నేర్చి 1977లో జాతీయ పురస్కారమందెను. ఆయన పోతలు విదేశములలోను ప్రదర్శింపబడెను. ఆ గౌరవమునకు ఆయన తగినవాడే. అయినను పురస్కార పత్రముమీద ఒక్క పేరే పట్టును. మిగిలిన చేతుల సంగతి యేమి?

ఈ ప్రశ్న కొలిమివద్దనే ఆగదు. కీర్తనలు కట్టువాడు, చిత్రములు గీయువాడు, గ్రంథము వ్రాయువాడు తన కలను వెంబడించుచున్నంతకాలము ఆ యింటి భారమును మరియెవరో మోయుచునే యుందురు. పదేండ్లు ఒక గ్రంథముపై కూర్చున్నవాని యింట పాలవాని లెక్క ఎవరు చూచిరి? జబ్బుపడిన బిడ్డను ఆసుపత్రికి ఎవరు తీసికొనిపోయిరి? ఏ చెల్లెలి చదువు ఆగిపోయెను? గ్రంథము ముగిసిన దినమున పీఠికలో రెండు పంక్తుల కృతజ్ఞత వ్రాసి అతడు తృప్తిపడును. అంతటితో ఆ ఋణము తీరినదా?

పరిశుద్ధ గ్రంథము ఈ విషయమును తేలికగా విడువలేదు. ప్రత్యక్ష గుడారపు పనికి బెసలేలును దేవుడు పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపెనని నిర్గమకాండము చెప్పుచున్నది. అదే గ్రంథము, తమ చేతులతో నూలు వడికి తెచ్చిన స్త్రీలనుగూర్చియు వ్రాసియుంచినది. వారి పేర్లు లేవుగాని వారి పని మరువబడలేదు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయములో తోడివారి పేర్లు వరుసగా వచ్చును. రూఫు తల్లి తనకును తల్లియేనని అతడు ఒప్పుకొనెను. పత్రికను చేత వ్రాసిన తెర్తియు సహితము తన వందనములు తెలుపుటకు అందులో చోటు దొరకెను.

పేరు తలచుట మొదటి మెట్టు. వాటా ఇచ్చుట రెండవది. దావీదు వెంట నున్న ఆరువందలమందిలో ఇన్నూరుమంది అలసి బెసోరు వాగుదగ్గర సామానునొద్ద నిలిచిపోయిరి. యుద్ధమునకు పోయినవారిలో కొందరు వీరికి దోపుడుసొమ్ము ఇయ్యరాదనిరి. దావీదు వినలేదు. పోరాడినవానికిని సామాను కాచినవానికిని సమభాగమని నిర్ణయించి దానిని కట్టడగా నియమించెను. ఆ కట్టడలో జాలికంటె న్యాయము ఎక్కువగా కనబడుచున్నది. నేటి లోకచట్టములో సహితము దీని ఛాయ కొంత కలదు. 1999 నాటి చట్టము ననుసరించి బస్తరు ఢోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు ఏ యొక్క శిల్పి సొత్తును కాదు. ఆ సీమలో ఆ పనిచేయు వారందరికి చెందినది.

అయితే మైనపు ఉపమానము ఒక చోట నిలువదు. మైనమునకు ఇష్టాయిష్టములు లేవు, మనుష్యులకు కలవు. క్రీస్తు తన ప్రాణమును తానే పెట్టెను, ఎవడును ఆయనయొద్దనుండి దానిని తీసికొనలేదు. ఇష్టపూర్వకముగా ఇయ్యబడినదే త్యాగము. అడుగకయే తీసికొనబడినదానికి త్యాగమని పేరుపెట్టి, ఆ మీదట వందనములు చెప్పుట కృతజ్ఞత కానేరదు. దేవుని కృపవలన నా కల నెరవేరెనని సంఘములో సాక్ష్యమిచ్చువాడు సత్యమే పలుకుచున్నాడు. అయితే ఆ కృప ఎవరి చేతులగుండా తనయొద్దకు వచ్చెనో చెప్పనియెడల ఆ సాక్ష్యము సగమే.

డబ్బు అప్పు తీర్చినచో పత్రము చింపివేయవచ్చును. ప్రేమ ఋణమునకు అట్టి ముగింపు లేదు. దానిని మోయుటకు ఒక మార్గము మాత్రము కలదు: తనకొరకు కరిగినవారికొరకు తానును కరుగుట. ఇత్తడియై నిలిచినవాడు ఒక సాయంకాలము తన పనిని ప్రక్కనబెట్టి, ఇంతకాలము తన ప్రక్కన నిలిచిన భార్యనో, తమ్మునినో, చెల్లెలినో, నీవు చేయగోరి మానుకొన్నది ఏమని అడుగవలెను. జవాబు వచ్చుటకు ఆలస్యము కావచ్చును, ఎందుకనగా ఆ ప్రశ్న వారిని అదివరకెవరును అడిగియుండరు. అతడు ఓపికతో కనిపెట్టి, ఆ జవాబు విని, మరునాడు పాలవాని లెక్క తాను చూచిన యెడల, అతని కృతజ్ఞత అప్పుడు ప్రారంభమగును.