గుర్తుండని ప్రయాణం

నాలుగేళ్ల పిల్లని వెంటబెట్టుకుని సైకిళ్ల మీద పరాయిదేశం తిరిగొద్దామని అనుకున్నప్పటి నుంచి అందరూ మమ్మల్ని అడుగుతున్నది ఒకటే మాట: దానికి గుర్తుంటుందా? డబ్బు సంగతి అడిగినవాళ్లు తక్కువ. ఎండ, వాన, జ్వరం, తిండి గురించి కొందరు అడిగారు. గుర్తు సంగతి మాత్రం మా అత్తయ్యగారి దగ్గర్నుంచి విశాఖలో మా కంచరపాలెం మెట్ట దగ్గర కూరగాయలమ్మే ఆవిడ దాకా ఎవరూ విడిచిపెట్టలేదు. "గుంటకేటి గుర్తుంటాదమ్మా? పదేళ్లొచ్చాక తీసుకెళ్లు, అప్పుడైతే పదిమందికీ సెప్పుకుంటాది" అని ఆవిడ సలహా.

ఆ సలహాలో న్యాయం ఉంది. మూడు, మూడున్నరేళ్ల లోపు జరిగినవి పెద్దయ్యాక ఎవరికీ దాదాపుగా మిగలవని మనస్తత్వ శాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. ఆ తర్వాతి ఒకటి రెండేళ్లవి కూడా చెదురుమదురుగానే ఉంటాయి. ఇంత ఖర్చుపెట్టి, సెలవులు కూడబెట్టుకుని వెళ్లొస్తే, పిల్ల మనసులో ఏమీ నిలవకపోతే, ఆ ప్రయాణం ఎవరి కోసం? ఈ ప్రశ్నని తేలిగ్గా తీసెయ్యడం నాకు చేతకాలేదు. నెలల తరబడి దానితోనే కాపురం చేశాను.

మేం అనుకున్నది డాన్యూబ్ నది ఒడ్డు దారి. జర్మనీ సరిహద్దులో ఉన్న పస్సావ్ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా, 300 కిలోమీటర్ల పైచిలుకు. అట్లాంటిక్ తీరం నుంచి నల్లసముద్రం దాకా సాగే యూరోవెలో 6 అనే సైకిల్ బాటలో ఇదొక ముక్క. నది వాలునే వెళ్తాం కనక ఎత్తులు తక్కువ, చాలా దూరం కార్లు రాని బాట. పిల్లలతో వచ్చే కుటుంబాలు అక్కడివాళ్లకి కొత్త కాదు. సైకిలు వెనక తగిలించే రెండు చక్రాల ట్రైలర్ అద్దెకి దొరుకుతుంది. లోపల పట్టీలున్న సీటు, పురుగూ పుట్రా రాకుండా వల, వానకి తెర. సైకిలు మీద బిగించే పిల్లల సీటు మామూలుగా 22 కిలోల దాకానే పనికొస్తుంది, పైగా పిల్ల నిద్రపోతే తల వేలాడిపోతుంది. అందుకని ట్రైలరే ఖాయం చేసుకున్నాం. ఆస్ట్రియాలో 12 ఏళ్లలోపు పిల్లలు ట్రైలర్లో కూర్చున్నా సరే హెల్మెట్ పెట్టుకుని తీరాలి. మంచి చట్టం.

మా ఆయన రైల్వే మనిషి. ప్లాను అంటే ఆయనకి టైంటేబులే. రోజుకి 60 కిలోమీటర్లు, వారం తిరిగేలోపు వియన్నా, అక్కడ విశ్రాంతి అని ఒక కాగితం తయారు చేశారు. ఆ కాగితం జేబులో ఉండగానే ఒక ఆదివారం పొద్దున్న పాపని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బీచ్‌రోడ్డుకని బయల్దేరాం. పట్టాల పక్కకి వచ్చేసరికి కిరండూల్ వైపు నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు ఒకటి మెల్లగా పోర్టు వైపు పోతోంది. "ఆపు నాన్నా" అంది. ఆపారు. దానికి ఇరవై దాకానే అంకెలు వచ్చు. ఇరవై డబ్బాలయ్యాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. డబ్బాల అంచుల్ని పట్టుకున్న ఎర్రటి దుమ్ము, రెండు డబ్బాల మధ్య సందులోంచి అవతలి గోడ కనబడి మాయమైపోవడం, పట్టాల అతుకుల మీద చక్రాలు పడినప్పుడల్లా వచ్చే చప్పుడు, ఏదీ వదల్లేదు. చివర గార్డు డబ్బా వచ్చింది. పాప చెయ్యూపింది. గార్డూ ఊపాడు. బండి కనుమరుగయ్యాక "ఇంక ఇంటికెళ్దాం" అంది.

సముద్రం చూడలేదు. అనుకున్న చోటికి చేరలేదు. దాని లెక్కలో మాత్రం ఆ పూట ప్రయాణం నిండుగా జరిగింది. చేరాల్సిన చోటు, మధ్యలో దారి అని మనం రెండుగా విడదీసుకుంటాం కానీ ఆ వయసుకి ఆ విభజన లేదు. ఎక్కడ ఆగితే అదే ఊరు.

ఆ సాయంత్రం మా ఆయన కాగితం మళ్లీ రాశారు. రోజుకి 25 కిలోమీటర్లు, మహా అయితే 30. రెండు వారాలు. చాలకపోతే లింజ్ దగ్గరో మెల్క్ దగ్గరో రైలెక్కెయ్యడం. ఆ నది పొడవునా సైకిళ్లు ఎక్కించుకునే రైళ్లు, పడవలు ఉన్నాయి. ష్లోగెన్ దగ్గర నది ఒక్కసారిగా వెనక్కి మళ్లుతుంది, అక్కడ సైకిళ్లని అవతలి ఒడ్డుకి చేర్చే చిన్న పడవ ఉంది. వాఖావ్ లోయలో ఆప్రికాట్ తోటలు. పాత కాగితంలో ఊళ్ల పేర్ల పక్కన దూరాలు ఉండేవి. కొత్తదాంట్లో ఆగే చోట్లు ఉన్నాయి: పిల్లల పార్కు, పడవ రేవు, బాతులు దిగే ఇసుక. ఎలా వెళ్లాలన్నది ఒక పూటలో తేలింది. ఎక్కడెక్కడ ఆగాలన్నదానికే వారాలు పట్టింది.

అలా కూర్చుని రాసుకుంటున్నప్పుడే గుర్తు సంగతిలోని చిక్కు నాకు కొంత విడిపోయింది. నిన్న తినిపించిన పప్పన్నం దీనికి గుర్తుంటుందా అని ఎవరూ అడగరు. అది ఒంటికి పట్టింది, చాలు. ప్రయాణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం రేపు చెప్పుకోవడానికి పనికొస్తుందా అని తూకం వేస్తాం. పిల్లకి చెందిన ఈ రోజుని రేపటి పెద్దమనిషి ఖాతాలో జమ కట్టే అలవాటు మనకి బాగా ముదిరిపోయింది.

మిగతా చిక్కు విడింది మా పేటలోనే. కంచరపాలెంలోనే, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల వాడ, బర్మా క్యాంపు ఉంది. 1962లో జనరల్ నె విన్ సైన్యంతో అధికారం చేజిక్కించుకుని, 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశాక, బర్మా నుంచి లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. తరాల కిందట రేవు పనికీ బియ్యం మిల్లులకీ ఈ తీరం నుంచి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్ల పిల్లలూ మనవలూ అందులో ఉన్నారు. అంతకు ముందు 1942లో, జపాన్ సైన్యం వచ్చిపడినప్పుడు, పిల్లల్ని భుజాన వేసుకుని కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చినవాళ్లూ ఉన్నారు. ఎందరో దారిలోనే పోయారు. విదేశంలో పసిపిల్లతో ప్రయాణం అంటే మా పేటలో చాలామందికి మొదట తలపుకొచ్చేది అదే. సరదాగా వెళ్తున్నామని చెప్పడానికి ఆ వీధిలో నాకు నోరు రాలేదు.

చెప్పాక మాత్రం ఒక పెద్దావిడ నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. ఓడెక్కినప్పుడు ఆవిడకి మా పాప వయసే. రంగూన్‌లో ఇల్లు ఎలా ఉండేదో తెలీదు, వీధి తెలీదు, ఓడ కూడా తెలీదు. మాట్లాడుతూనే ఖౌస్వే అనే బర్మా నూడుల్స్ వంటకానికి కొబ్బరిపాలల్లో శనగపిండి కలిపి ఉండ కట్టకుండా తిప్పుతోంది. పక్క పొయ్యి మీద వెల్లుల్లి వేగుతోంది. ఎవరు నేర్పారంటే, "మాయమ్మ సేస్తుంటే పక్కన కూకునేదాన్ని" అంది. ఆవిడ తలలో లేని ఊరు ఆవిడ చేతిలో ఉంది. ఆ చెయ్యి చూశాక గుర్తుంటుందా అన్న ప్రశ్న నన్ను మునుపటంతగా భయపెట్టలేదు.

పసిపిల్లతో దూరదేశాలు తిరిగినవాళ్లూ లేకపోలేదు. ఐర్లండ్ రచయిత్రి డెర్వ్లా మర్ఫీ 1963లో ఒంటరిగా సైకిలు మీద ఇండియా దాకా వచ్చింది. కూతురు పుట్టాక కొన్నేళ్లు దూర ప్రయాణాలు మానేసింది. ఆ పిల్లకి అయిదేళ్లు నిండే వేళకి దాన్ని వెంటబెట్టుకుని మన దక్షిణాదికి, కొడగుకి, వచ్చింది. మరుసటి చలికాలం బాల్టిస్తాన్ కొండల్లోకి తీసుకెళ్లింది. అంత సాహసం మాకు లేదు, అక్కర్లేదు. పిల్ల పక్కనుంటే పరాయి ఊరు మనని నమ్ముతుంది, మనం ఆ ఊరిని నమ్మక తప్పదు అన్నది ఆమె ప్రయాణాల నుంచి నేను తీసుకున్న ధైర్యం.

మా దారిలో మౌట్‌హౌసెన్ అనే ఊరుంది. 1938 నుంచి 1945 దాకా నాజీలు అక్కడి రాతి క్వారీ పక్కన నడిపిన నిర్బంధ శిబిరంలో, దాని ఉపశిబిరాల్లో కలిపి తొంభై వేలమందికి తక్కువ కాకుండా చనిపోయారు. సైకిల్ బాట ఆ ఊరి కిందుగానే పోతుంది. పాపని పైనున్న ఆ శిబిరానికి తీసుకెళ్లం. ఒకరం వెళ్లొచ్చేదాకా రెండోవాళ్లం నది దగ్గర దానితో ఆడుకుంటాం. కొన్ని గుర్తులు మోయాల్సింది పెద్దవాళ్లే.

ఇంత దూరం ఎందుకు, ఇక్కడే తొక్కండి అని మా మరిది అన్నాడు. తొక్కాలనే ఉంది. మా నాన్న పోర్టు షిఫ్టుకి సైకిలు మీద వెళ్లే రోజుల్లో నన్ను ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి కూర్చోబెట్టేవారట. ఇవాళ కంటైనర్ లారీల మధ్య ఎన్ఏడీ కొత్తరోడ్డు జంక్షన్ దాటించాలంటే నా చేతులు చెమట పడతాయి. అయితే యూరప్ రోడ్లు కూడా పుట్టుకతో అలా లేవు. నెదర్లాండ్స్‌లో 1971 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా పోతే, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. పిల్లల హత్యలు ఆపండి అనే పేరు పెట్టుకుని తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు, రోడ్ల మీద కూర్చున్నారు. 1973లో చమురు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆగిపోయినప్పుడు ఖాళీ రోడ్లెలా ఉంటాయో జనం కళ్లారా చూశారు. ఇవాళ్టి సైకిల్ బాటలకి మొదళ్లు అక్కడున్నాయి. ఆ తల్లిదండ్రులు అడిగింది పిల్లల భవిష్యత్తు గురించి కాదు, ఆ రోజు బడికి వెళ్లి సాయంత్రం ఇంటికి రావడం గురించి. విశాఖలో కూడా తెల్లారగట్ల బీచ్‌రోడ్డు మీద కాసేపు వాహనాలు ఆపుతున్నారు. ఆ కాసేపటిని కంచరపాలెం దాకా, బడి వేళ దాకా పొడిగించమని మనం అడగాలి, పదిమందిమీ కలిసి అడగాలి.

పాప పాస్‌పోర్టు పక్కనే ఉన్న మర్రిపాలెం ఆఫీసు నుంచి వచ్చేసింది. చిన్నపిల్లలకి అది అయిదేళ్ల గడువుతోనే ఇస్తారు. షెంజెన్ వీసాకి ఆరేళ్లలోపు పిల్లలకి రుసుం లేదు, కానీ అందరికీ లాగే 30,000 యూరోల ఇన్సూరెన్స్ చూపించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తులు తీసుకుంటారు. పదేళ్లొచ్చేదాకా ఆగడం లేదు, వచ్చే జూన్‌లోనే వెళ్తున్నాం. అప్పటికి దానికి ఇంకా అయిదు నిండవు.