అసలు రంగు

"అసలు రంగు బయటపడింది" అంటాం. లోపల ఉన్నదే నిజం, పైన పూసిందంతా మోసం అన్న నమ్మకం ఆ మాటలోనే ఉంది. పాత చెక్క సామాను కొని బాగుచేసుకునేవాళ్ళకి ఈ నమ్మకం ఇంకాస్త ఎక్కువ. నాకూ ఉంది. ఎనామిల్ గీకుతుంటే కింద టేకు చార తేలినప్పుడు ఏదో బాకీ తీర్చినంత తృప్తి.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఇలాంటి సామానుకి కొదవ లేదు. కోచింగ్‌కి వచ్చిన పిల్లలు రూములు ఖాళీ చేస్తూ బల్లలూ మంచాలూ అమ్మేసి పోతారు. పాత ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతుంటే తలుపులూ దర్వాజలూ విడిగా అమ్ముడుపోతాయి. అలా వచ్చిన బల్ల మీద కాంపస్ ములికితో చెక్కిన పేర్లుంటాయి. వాటిని రుద్ది తీసేసే హక్కు మనకుందా?

నేను కోడ్ రాసేవాణ్ణి. మా పనిలో ఏం మార్చినా పాతది గిట్‌లో భద్రంగా ఉంటుంది. సాండ్‌పేపర్‌కి అన్‌డూ లేదు. చేసిన మరమ్మతు వీలైనంతవరకు వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలన్నది మ్యూజియం వాళ్ళు పాటించే సూత్రం. లక్క పాలిష్ అలాంటిదే. లక్క పురుగు స్రవించే జిగురుని స్పిరిట్‌లో కరిగించి పూస్తారు, మళ్ళీ స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. పీయూ కోటింగ్ అంత తేలిగ్గా రాదు, గీకాల్సిందే. కాబట్టి లక్క మంచిది, పీయూ చెడ్డది అని ఇక్కడే తేల్చెయ్యొచ్చు.

కానీ గీకేదెవరు? "రుద్దితే వస్తది సార్, రుద్దాలె గదా!" అన్నాడు ఒక పాలిష్ మేస్త్రీ, ముక్కుకి కట్టుకున్న కర్చీఫ్ కిందికి లాగి. నేను ఏదో ఒక ఆదివారం ఒక బల్ల రుద్దుతాను. ఆయన రోజూ రుద్దుతాడు. చెక్క పొడి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దగ్గర అమల్లోకొచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు పూసిన ఎనామిల్‌లో సీసం ఎంతుందో కంటితో చూసి చెప్పలేం. ఊడకుండా అంటుకుని ఉన్నంతకాలం దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. పొడిగా రుద్దామా, ధూళై గాల్లో కలుస్తుంది. నేను నిజమని మురిసిపోయే టేకు చారకి వెల కట్టేది ఆయన ఊపిరితిత్తులు.

అలాగని రంగేసే ప్రతివాడూ నిర్దోషి కాదు. చెదలు తిన్న కాలికి పుట్టీ కూరి, పైన రంగేసి, టేకని అమ్మితే అది మోసమే. ఆ మోసం రంగులో లేదు, కొనేవాళ్ళకి చెప్పకపోవడంలో ఉంది. "ఇది టేకు కాదు, రంగేశాం" అని చెప్పి తక్కువకి అమ్మితే ఆ రంగు ఎవర్నీ మోసం చెయ్యదు. హాస్టల్లో చదువుకునే అమ్మాయికి కావలసింది ఊగని కాళ్ళు, ముల్లు గుచ్చుకోని పలక. పాతదనం మీద మోజు ఆ తర్వాతి సంగతి.

అందుకే ఇప్పుడు ఏ పూతనైనా రెండే అడుగుతాను. ఇది ఎవరి దగ్గర ఏం దాస్తోంది? దీన్ని తియ్యడానికి ఎవరి ఒళ్ళు ఖర్చవుతుంది? పూత కింద పేర్లు చెరిగిపోవు, దాక్కుంటాయి. మనకంటే మంచి పద్ధతి తెలిసినవాళ్ళు ఎప్పుడైనా తియ్యొచ్చు.

మా ఇంటికొచ్చిన పాత చెక్క బీరువా మీద పచ్చ ఎనామిల్ ఇంకా గట్టిగానే ఉంది. తడిపి, పైపైన రుద్ది, తుడిచి, దాని మీదే కొత్త పూత వేశాం. కింద ఉన్నది టేకో, మరోటో తెలీదు. బట్టలు మాత్రం బాగానే ఉంటున్నాయి.