ప్రశ్న అడిగే కుర్చీ

పిల్లల మనస్తత్వశాస్త్రం ఎందుకు చదివావని ఎవరడిగినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: పిల్లలంటే ఇష్టం. చుట్టాల పెళ్లిళ్లలో ఇదే చెప్పాను. మా అత్తమ్మకు ఫీజు కట్టే ముందొకసారి, కట్టాక ఇంకోసారి చెప్పాను. పీజీ పూర్తయి మార్కుల మెమో బీరువాలోకి చేరాక గానీ ఆ జవాబును నిలదీయాలని నాకే తోచలేదు. ఇష్టమే అయితే నేనుండే మీర్‌పేట్‌లో పిల్లలకేం కరువు? సాయంత్రం అయిదు దాటితే మా గల్లీ నిండా సైకిళ్లు, క్రికెట్టు, ఏడుపులు, చాడీలు. ఆ గోల మధ్యే నేను చదువుకున్నాను, కిటికీ తలుపులు బిడాయించుకుని. పిల్లల భాషా వికాసం మీద అసైన్‌మెంట్ రాస్తూ రాస్తూ లేచి బాల్కనీలోంచి "అరవకండిరా" అని కేకేసిన మనిషిని నేను.

మా దిక్కు ఈ చదువుకు గిరాకీ ఎక్కువ. సాగర్ రోడ్డు వెంట ఇబ్రహీంపట్నం, మాల్, దేవరకొండ, నల్లగొండ వైపుల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ అడుగడుగునా ఉంటాయి. పంచాయతీగా ఉన్న ఊరు 2019 నాటికి మున్సిపల్ కార్పొరేషన్ అయింది. టీకేఆర్ కమాన్ నుంచి జిల్లెలగూడ దాకా నడిస్తే స్కూళ్ల బోర్డులు, ట్యూషన్ల ఫ్లెక్సీలు తప్ప కంటికి ఇంకేమీ ఆనవు. "పిల్లల సదువు కోసం వచ్చినం" అనే మాట వినని ఇల్లు అరుదు. ఊళ్లో ఎకరం అమ్మి ఫీజు కట్టిన తండ్రికి, శనివారం స్లిప్ టెస్టులో కొడుక్కి ఇరవైకి ఆరొస్తే గుండె జారదా మరి? కింది పోర్షన్ ఆమె సైకాలజీ చదువుతోందట అని తెలిస్తే మెట్ల దగ్గరే పట్టుకుంటారు. "మేడమ్, మా బాబు మస్తు హుషారుంటడు. ఫోన్ల ఏం గావాల్నన్నా తీస్తడు. పుస్తకం దెరిస్తే మాత్రం కడుపు నొస్తదంటడు. జెర ఒక్కసారి చూడున్రి."

అంతకు ముందు వారం దాకా, అలా అడిగినావిడ నన్ను "అక్కా" అనేది. "మేడమ్" అయ్యాక నాకు లోపల్లోపల హాయిగానే ఉంది. ఆ హాయి ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వుకోవడమే ఈ వ్యాసం.

మా చదువులో పిల్లల్ని కొలిచే పరీక్షలకు పెద్దపీట. 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, తియోడోర్ సిమోన్ కలిసి తయారు చేసినది వీటికి మూలం. బడిలో వెనకబడుతున్న పిల్లల్ని గుర్తుపట్టి అదనపు సాయం చేయడం వాళ్ల ఉద్దేశం. తెలివి అనేది పుట్టుకతోనే ఖాయమై మారకుండా ఉంటుందన్న మాటను బినే గట్టిగా ఖండించాడు కూడా. 1934లో వి.వి. కామత్ ఆ పరీక్షను మరాఠీ, కన్నడ పిల్లలకు మలిచాడు. 1969లో నాగపూర్‌లో మాలిన్ అనే ఆయన వెక్స్‌లర్ తెలివి పరీక్షను భారతీయ పిల్లలకు తగ్గట్టు మార్చాడు. బరోడాలో ప్రమీలా ఫాటక్ పసిపిల్లల కోసం సిద్ధం చేసిన కొలమానంలో కదలికలకు 67, మానసిక వికాసానికి 163 అంశాలుంటాయి. ఈ పేర్లు, సంవత్సరాలు పరీక్షల కోసం బట్టీపట్టాను. బట్టీ పట్టడం నాకు మొదట్నుంచీ బాగా వచ్చు. వీటిలో ఏం అడుగుతారో మాత్రం బయట రాయకూడదు, మా వృత్తికి అదొక కట్టుబాటు.

అయితే అడిగే పద్ధతి గురించి చెప్పొచ్చు. తేలికవాటితో మొదలుపెట్టి పోను పోను కష్టమైనవి అడుగుతాం. ఎక్కడ ఆపాలి? పిల్లవాడు వరుసగా తప్పులు చేసినప్పుడు. బినే తరహా పరీక్షలో అయితే ఒక వయసు మెట్టులో ఉన్నవన్నీ తప్పేదాకా పోవాలి. అంటే ఎంత చురుకైన పిల్లవాడైనా సరే, ఆ గదిలోంచి లేచేటప్పటికి ఆఖరి ప్రశ్నలన్నీ ఓడిపోయి లేస్తాడు. కొలత సరిగ్గా రావాలంటే వేరే దారి లేదు, అది నాకూ తెలుసు. రెండో నియమం ఇంకా గట్టిది: జవాబు ఒప్పో తప్పో నీ మొహంలో తెలియకూడదు. నవ్వకూడదు, కనుబొమ్మ ఎగరకూడదు, "అబ్బ, భలే" అనకూడదు. "ఊఁ, తర్వాతది చూద్దామా" అన్న ఒక్క మాటనే అన్నింటికీ ఒకే గొంతుతో అనాలి. ప్రాక్టికల్స్‌లో ఆ మొహం పెట్టడంలో మా బ్యాచ్ మొత్తంలో నాదే పైచేయి. స్నేహితురాలు ఒకామె ప్రతి తప్పుకీ "అయ్యో కన్నా" అనేసి మార్కులు పోగొట్టుకునేది. నాకు మాత్రం శ్రమ పడకుండానే వచ్చేసింది. అప్పుడు దాన్ని ప్రతిభ అనుకున్నాను.

ఆ మొహం ఇంటికి కూడా వచ్చింది. మా వాడు బొమ్మ వేసుకొచ్చి చూపిస్తే "ఇదేంటో చెప్పు, ఊఁ, ఇంకా?" అనేదాన్ని. మనిషి బొమ్మలో వేళ్లు వేశాడా, మెడ పెట్టాడా అని కళ్లు వాటంతటవే వెతికేవి. కొన్నాళ్లకు వాడు బొమ్మలు నాయనమ్మకు చూపించడం మొదలుపెట్టాడు. ఆమె కళ్లజోడు వెతుక్కోకుండానే "అబ్బ, ఏనుగా! ఎంత బాగుంది బంగారం" అనేది. అది ఏనుగు కాదు, జేసీబీ. వాడికేం పట్టింపు లేదు.

పియాజే అనే మనస్తత్వవేత్త చేసిన నీళ్ల ప్రయోగం గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. రెండు ఒకేలాంటి స్టీలు గ్లాసుల్లో నీళ్లు సమానంగా పోస్తాం. "రెండిట్లో సమానంగా ఉన్నాయా?" అంటే పిల్ల ఉన్నాయంటుంది. ఒక గ్లాసులోవి ఆమె కళ్ల ముందే సన్నటి పొడుగు గ్లాసులోకి వంపి "ఇప్పుడో?" అని అడుగుతాం. ఏడేళ్ల లోపు చాలామంది పొడుగు గ్లాసులోనే ఎక్కువంటారు. పై పోర్షన్‌లో ఉండే అయిదేళ్ల అమ్మాయిని కూర్చోబెట్టి చేశాను. మొదటిసారి "సమానమే ఉన్నయ్" అంది. నీళ్లు వంపి రెండోసారి అడిగేసరికి ఆ పిల్ల గ్లాసుల వంక చూడలేదు, నా మొహంలోకి చూసింది. నా మొహంలో ఏముంటుంది, నేను శిక్షణ పొందిన మనిషిని కదా! చివరికి పొడుగు గ్లాసు మీద వేలు పెట్టి "ఇండ్ల ఎక్కువున్నయ్" అంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా మా వంటింటి గట్టు మీద జరిగిందని నాకు పట్టలేనంత సంతోషం. రికార్డులో చక్కగా రాసుకున్నాను.

మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే స్కాటిష్ శాస్త్రవేత్త దీనికే ఇంకో వైపు చూపించిందని తర్వాత చదివాను. 1978లో అచ్చయిన ఆమె పుస్తకం పిల్లల ఆలోచన మీదే. ఆమె, మెక్‌గారిగల్ కలిసి వరుసగా పేర్చిన బిళ్లలతో ఇలాంటి ప్రయోగమే చేశారు. ప్రయోగం చేసే పెద్దమనిషి కావాలని వరుస మార్చినప్పుడు తప్పు చెప్పిన పిల్లలు, అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరుస చెడగొట్టినట్టు ఆడించినప్పుడు చాలామంది సరిగ్గా చెప్పారు. పెద్దవాళ్లు పనిగట్టుకుని ఏదో మార్చి అదే ప్రశ్న మళ్లీ అడిగితే, ఆ అడగడం వెనక ఏం ఉందో పిల్లలు వెతుక్కుంటారు. ఇది చదివి నేను పుస్తకం మూసేశాను. స్కాట్లాండు దాకా ఎందుకు, మన ఇళ్లలో, బళ్లలో పెద్దవాళ్లు ఒకే ప్రశ్న రెండోసారి అడిగారంటే దాని అర్థం ఏంటి? మొదటి జవాబు తప్పని. "సరిగ్గా చెప్పు" అని. తెలుగు దేశంలో పెరిగిన ఏ పిల్లయినా రెండోసారికి జవాబు మార్చేస్తుంది. ఆ అమ్మాయి నీళ్ల కొలత తెలియక మార్చిందో, నన్ను చదివి మార్చిందో నా రికార్డు చెప్పలేదు.

పియాజే గురించే ఇంకో సంగతి. యువకుడిగా పారిస్‌లో సిమోన్ దగ్గర అతనికి అప్పజెప్పిన పని, సిరిల్ బర్ట్ తయారు చేసిన తర్క పరీక్షలను ఫ్రెంచి పిల్లలకు తగ్గట్టు సరిచేయడం. ఆ పని చేస్తూ చేస్తూ పిల్లల ఒప్పుల కన్నా తప్పుల మీద అతనికి మోజు పుట్టింది. ఎందుకలా చెప్పారని అడగడంతో అతని జీవితమే మారింది. పిల్లల ఆలోచన గురించి అతను చెప్పిన దశలన్నీ నేను వరుస తప్పకుండా చెప్పగలను. తప్పు జవాబు మీద ఆ మోజు మాత్రం నాకు ఎప్పుడూ కలగలేదు.

ఎందుకు కలగలేదో తెలియాలంటే నా బడికి వెళ్లాలి. నేను చిన్నప్పట్నుంచీ ఫస్టు ర్యాంకు పిల్లని. మా తరగతిలో సార్ ప్రశ్న అడిగితే జవాబు రానివాళ్లంతా నిలబడేవాళ్లు. వచ్చినవాళ్లు వెళ్లి వాళ్ల ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి. తెలుగు బళ్లలో చదివినవాళ్లకు ఈ శిక్ష కొత్త కాదు. మెల్లగా కొడితే సార్ "ఇట్ల కొట్టాలె" అని మనకే ఒకటి తగిలించి చూపించేవారు. కాబట్టి గట్టిగానే కొట్టాలి. బలవంతం మీద కొట్టానని నేను ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. అది సగమే నిజం. ముక్కు చివర చెమట, వేళ్ల మధ్య జారడం, పక్క బెంచీ అమ్మాయి కళ్లు మూసుకోవడం, ఇవన్నీ నాకు గుర్తున్నాయి. ఆ వరుస వెంట నడుస్తున్నప్పుడు నాకు ఆనందంగా ఉండేదని కూడా గుర్తుంది. దెబ్బ కొట్టినందుకని కాదు. జవాబు తెలిసినదాన్ని నేను, తెలియనివాళ్లు వాళ్లు, మా మధ్య ఆ రెండడుగుల ఎడం ఉంది, అందుకు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ఇలాంటివాటిని నిషేధించింది. చట్టం చేతుల్ని ఆపగలదు, ఆ ఎడం మీది మమకారాన్ని ఏం చేయగలదు? నాలో అది పెరిగి పెద్దదై, పద్ధతి నేర్చుకుని, ఫీజు కట్టి పీజీలో చేరింది.

ఇదే నేను నా గురించి తేల్చుకున్నది. పిల్లలంటే ఇష్టం అనే మాట పూర్తిగా అబద్ధం అనను. దాని కన్నా ముందు, దాని కన్నా బలంగా, జవాబు ముందే తెలిసి ప్రశ్న అడిగే కుర్చీ అంటే నాకు ఇష్టం.

ప్రాక్టికల్స్‌లో భాగంగా జిల్లెలగూడ వైపు ఒక అంగన్‌వాడీలో కూర్చున్నాను. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకానికి కింది కొస ఇలాంటి అద్దె గదులే. చిన్న గది, గోడకు కూరగాయల చార్టు, మూలన బాలామృతం ప్యాకెట్లు, తూకం యంత్రం. నేను నోట్‌బుక్ తెరిచి ఎవరు ఎవరితో ఆడుతున్నారు, ఎన్ని మాటల వాక్యాలు పలుకుతున్నారు అని గీతలు గీస్తున్నాను. మనవణ్ని దింపడానికి వచ్చిన ముసలామె గడపలోనే ఆగి నన్నే చూసింది. "ఏం రాస్తున్నవ్ బిడ్డా? మా పోరడేమన్న తప్పు జేసిండా?" లేదమ్మా, పిల్లలు ఎట్ల ఆడుకుంటరో రాస్తున్న అన్నాను. "ఆడుకునేటోని రాసుడెందుకు? నువ్వు గూడ కూసోని ఆడరాదు" అంది. నవ్వేసి ఊరుకున్నాను. టీచర్ మాత్రం నవ్వలేదు. ఉడికిన గుడ్డు పెంకు తీస్తూ, ఒకణ్ని ఒడిలో పెట్టుకుని, ఇంకొకడి లాగు సరిచేస్తూ, నోటితో పాట ఆపకుండా పని చేసుకుంటోంది. ఒక పిల్లాడు ఎరుపు బదులు పసుపు చూపిస్తే "అవునా, నీకు గదే నచ్చిందా?" అని అడిగింది. వాడు మామిడిపండు సంగతేదో ఎత్తుకున్నాడు. పియాజే పేరు ఆమె విన్నదో లేదో నేను అడగలేదు. అడిగి ఉంటే అది కూడా జవాబు తెలిసి అడిగిన ప్రశ్నే అయ్యేది.

అలా పిల్లల పక్కన కూర్చోవడం మా పాఠాల్లోనూ ఉంది. మేరీ ఐన్స్‌వర్త్ అనే శాస్త్రవేత్త పేరు చెప్పగానే మా వాళ్లందరికీ తల్లీబిడ్డల అనుబంధాన్ని చూసే ఇరవై నిమిషాల గది ప్రయోగం గుర్తొస్తుంది: తల్లి బయటికి వెళ్లడం, కొత్త మనిషి లోపలికి రావడం. దానికి ముందు ఆమె ఉగాండాలో ఇళ్లిళ్లూ తిరిగి తల్లీపిల్లల పక్కన గంటల తరబడి కూర్చుందని, బాల్టిమోర్‌లో కూడా ఏడాది పాటు ఇళ్లకు వెళ్లాకే ఆ గదికి వచ్చిందని నోట్సులో ఒక్క లైను ఉండేది. పరీక్షలో అడగరు కాబట్టి నేను దాన్ని వదిలేశాను. పైగా ఆ ప్రయోగం మా బిల్డింగులో చేయాలంటే కొత్త మనిషి ఎక్కడ దొరుకుతుంది? ఆరు పోర్షన్ల పిల్లలు ఏ ఇంట్లో అన్నం తింటారో వాళ్ల తల్లులకే తెలియదు.

నేను చదివింది దూరవిద్యలో. ఇంటి పని, పిల్లాడి బడి చూసుకుంటూ చదవాలంటే నాలాంటివాళ్లకు అదొక్కటే దారి. 2025లో యూజీసీ ఆ ఏడాది నుంచే సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ చెప్పొద్దని విశ్వవిద్యాలయాలను ఆదేశించినప్పుడు నాకు కోపం వచ్చింది. కోపం తగ్గాక చూస్తే ఆ ఆదేశంలో న్యాయం ఉంది. పిల్లల పక్కన కూర్చోవడం పోస్టులో వచ్చే పుస్తకాలతో రాదు. ఇల్లు వదిలి వెళ్లలేని ఆడవాళ్లకు దారి మూసుకుపోవడం కూడా నిజమే. ఈ రెండింటినీ కలిపే ఏర్పాటు చేయాల్సిన పని ప్రభుత్వానిది.

ఇప్పుడు మెట్ల దగ్గర ఆపి "ఐక్యూ చూస్తారా మేడమ్" అని అడిగేవాళ్లకు ఒకటే చెబుతున్నాను, మీకూ అదే చెబుతాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం, చదవడం రాయడంలో ప్రత్యేక ఇబ్బందులు కూడా ఉన్నాయి. వాటి పరీక్షకు, సర్టిఫికెట్టుకు పద్ధతి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యమున్నవారి కోసం 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ ఉంది, రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆస్పత్రి ఉంది, అక్కడికి వెళ్లండి. ఎంఏ, ఎంఎస్సీ ఒక్కటే ఉంటే చాలదు. క్లినికల్, రిహాబిలిటేషన్ సైకాలజిస్టులు 1992 నాటి చట్టం కింద పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. మీ పిల్లాణ్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగి కాగితం మీద అంకె వేసిస్తామని ఎవరన్నా ముందు ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నా దగ్గర ఆ నంబరు లేదు.