చేతులు జోడించిన ఇల్లు

జపాన్‌లోని షిరకవాగోలో, ఓగిమాచి ఊళ్లో ఒక రాత్రి ఉన్నాను. అక్కడి గడ్డికప్పుల ఇళ్లను గస్షో-జుకురి అంటారు. నమస్కరించే చేతుల్లా కట్టినవని అర్థం. నేలలో తవ్విన ఇరొరి పొయ్యి పొగే పైనున్న గడ్డినీ తాళ్లనీ కాపాడుతుంది. అయినా 30, 40 ఏళ్లకోసారి గడ్డి మార్చాల్సిందే. ‘యుయి’ అనే పరస్పర సాయంతో ఊరివాళ్లు కలిసి కప్పుతారు.

గడ్డి అంతా మారాక అది ఆ ఇల్లేనా? అమ్మ పోయినప్పటి నుంచి అనిత్యం అన్న మాటంటేనే నాకు భయం. ఆ రాత్రి భోజనానికి ముందు ఇంటి పెద్దావిడ చేతులు జోడించి ‘ఇతదకిమాస్’ అన్నారు. వినయంగా స్వీకరిస్తున్నానని దాని భావం. అమ్మ నేర్పినట్టే నేను అన్నం గిన్నెను కళ్లకద్దుకున్నాను.

గడ్డి మారుతుంది. చేతులూ మారతాయి. జోడించడం మాత్రం ఒకరి నుంచి ఒకరికి అందుతూనే ఉంటుంది.