‘మొర్రి అయితే పర్వాలేదు’

దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’లో పేర్లు నమోదు చేసుకున్నాక, మా జీతాలూ ఆరోగ్యాలూ ఇల్లూ చూసి నివేదిక రాయడానికి ఆదోనికి ఒక సామాజిక కార్యకర్త వచ్చింది. ప్రత్యేక అవసరాలున్న బిడ్డనే పెంచుకుంటామని మేం ముందే చెప్పాం. కాఫీ తాగుతూ అడిగింది: “ఎలాంటి బిడ్డనైతే చూసుకోగలరు మేడమ్?”

“మొర్రి అయితే పర్వాలేదండీ. ఆపరేషన్ చేస్తే బాగవుతుంది కదా” అన్నాను, తడుముకోకుండా.

ఆమె రాసుకుని వెళ్లింది. ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది. బాగయ్యేదైతేనే తెచ్చుకుంటానన్నానంటే, నేనడిగింది ఆ బిడ్డనా, ఆపరేషన్ తర్వాతి బిడ్డనా?

ఎమ్మిగనూరులో మా అత్తకు ఫోన్లో చెబితే, “గ్రానం నాడు ఆ తల్లి కత్తిపీట ముట్టింటాది” అంది. దీన్ని కొట్టిపారేయడం సులువు. పెదవి కలవాల్సింది గర్భంలో రెండో నెలలో. అప్పటికి కొందరికి నెల తప్పిన సంగతే తెలియదు. ఇరుగుపొరుగు “పుణ్యం” అన్నారు. నా ఖాతాలో పుణ్యం జమ చేయడానికా ఒక పసిబిడ్డ పుట్టింది? మన దగ్గర వరసలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆరోగ్యమైన పసిబిడ్డ కోసమే చూస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు చాలామంది విమానమెక్కి విదేశాలకు పోతారు. నేను అలాంటిదాన్ని కాదని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా. ఆ గర్వమే నిలవడం లేదు.

ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్నతో ఆదోని మార్కెట్ యార్డుకు వెళ్లాను. కొనే ఆయన మా పత్తిమూటలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి పిడికెడు లాగాడు. వేళ్ల మధ్య సాగదీసి పింజ పొడవు చూశాడు. పచ్చగా మచ్చ తిరిగిన గుడ్డికాయ పత్తి నాలుగు రెబ్బలు బయటపడ్డాయి. వాటిని కిందికి రాల్చి, చీటీ మీద ధర రాసి పక్క మూటకు పోయాడు. నాన్న ఏమీ అనలేదు. వంగి ఆ నాలుగూ ఏరి, మళ్లీ మూటలో పెట్టాడు.

“అవే కదా నాన్నా రేటు తగ్గించింది?”

“ఇవీ మన చేన్లోవే కదమ్మా.”

ఇన్నేళ్లూ నేను నాన్న కూతుర్నని అనుకున్నాను. కాఫీ చేతిలో పట్టుకుని నేను మాట్లాడింది మూటలో చెయ్యి పెట్టిన ఆయన మాట. ఆయన అర నిమిషంలో తేల్చాడు. నాకు బిడ్డ ఫొటో, వైద్య నివేదిక చూపించి 48 గంటలు ఇస్తారట.

కన్నతల్లిని ఎవరూ ఇలా అడగరు. నిజమే, కానీ అడగకపోవడం వల్ల ఒరిగిందేమిటి? బిడ్డను వద్దనుకున్న పిల్లల కోసం పెట్టే ఊయలలో వదిలి వెళ్లేదీ కన్నవాళ్లే కదా. నాన్న ఏరుకున్నదీ అమ్ముకోవడానికే. నా పోలిక కుంటుతోంది. చూడండి, తప్పు చెప్పబోతే నాకు దొరికిన మాట కూడా ఒక వైకల్యమే. ‘గుడ్డి’కాయా అంతే.

మొన్న పిల్లల డాక్టరు లెక్క చెప్పింది. పెదవి కుట్టడానికి పాత కొలత ఒకటుంది: పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్. అంగిలి కూడా చీలితే ఏడాది అటూ ఇటూగా ఇంకో ఆపరేషన్. ఆపైన ఏళ్ల తరబడి స్పీచ్ థెరపీ, చెవి ఇన్ఫెక్షన్లు. పదేళ్ల ప్రాంతంలో చిగుళ్లలో ఎముక అతికించడం. నేను ఒక్క కుట్టుతో సరిపెట్టేశాను.

సందేహం తీరిందా? లేదు. ఇవాళ మళ్లీ అడిగినా మొర్రే అంటాను. డౌన్ సిండ్రోమ్ అనడానికి నోరు రాదు. ఇది నా ఓపిక కొలతో, నా ప్రేమ కొలతో నాకు తెలియడం లేదు. రెండూ వేరని చెప్పేవాళ్లను నమ్మాలని మాత్రం ఉంది.

అంగిలి చీలిన బిడ్డ చప్పరించలేదని, నిటారుగా పట్టుకుని కొంచెం కొంచెంగా పాలు పోయాలని అత్తకు చెప్పాను. ఆదివారం బస్సు దిగి, సంచిలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది. మా ఆయన పాలు తాగినదే. విబూదితో తోమి, నీళ్లు పోసి, ధార సన్నగా పడుతోందా అని రెండుసార్లు వంచి చూసింది. గ్రహణం సంగతిలో ఆమె అభిప్రాయం మారలేదు.

“ఎప్పుడొస్తాది బిడ్డ?”

“తెలీదత్తా.”

“వచ్చేదాకా ఊరికే పెట్టాకు. నల్లబడతాది, అప్పుడప్పుడూ తోము.”