అవ్వ తిన్నదా?

మా వాడ అంగన్‌వాడీలో మొన్న ఒక మీటింగు పెట్టారు. పట్నం నుంచి వచ్చిన మేడం ఒకామె గోడకు చార్టు తగిలించింది. పాలు, గుడ్లు, పండ్లు, పప్పు, ఆకుకూరలు. "తక్కువ ఖర్చుతో కూడా బలమైన తిండి తినొచ్చమ్మా, మీకు తెలియక తినడం లేదు" అన్నది. మా అక్క లేచి నిలబడ్డది. "తెలువక కాదు మేడం. గుడ్డు మంచిదని మాకు తెలుసు, పండు మంచిదని తెలుసు. ఆ చార్టు మీదున్నయన్నీ నలుగురికి దినాం పెట్టాల్నంటే ఎన్ని కూలీలు పడ్తయో గది చెప్పండి" అన్నది. మేడం నవ్వి, తర్వాతి బొమ్మ మీద కర్ర పెట్టింది.

నేను వెనక నిలబడి ఉన్నాను. ఆ ప్రశ్న మేడంకు కాదు, నాకే తగిలింది. ఎందుకంటే అటువంటి ఇంట్లోనే తిని, చదువుకొని, ఇవాళ జీతం తెచ్చుకుంటున్నవాణ్ణి నేను.

మాది అప్పటి మెదక్ జిల్లాలో ఒక మాదిగవాడ. అవ్వ అంటే మాకు అమ్మే. 1970ల చివర్లో మా ఇంట్లో పొద్దున అంబలి, రాత్రి జొన్నగటక. అవ్వ కూలికి పోయిన చేనుగట్ల మీద గునుగాకు, దొగ్గలి, పాయలకూర తెంపి కొంగులో కట్టుకొచ్చేది. అది ఎవరూ విత్తనం పెట్టని కూర, ఎవరికీ పైసా ఇయ్యాల్సిన పని లేని కూర. వాడలో కోత పడ్డ రోజు పెద్దకూర. మిగిలింది ఉప్పు పట్టించి తాడు మీద ఎండేస్తే తునకలు. నెత్తురు కూడా పారబోసేవాళ్ళం కాదు, నల్ల వండుకునేవాళ్ళం. రక్తం పట్టడానికి కావలసిన ఇనుము మాంసం నుంచి ఒంటికి తేలిగ్గా పడుతుందని, ఆకుకూరల నుంచి అంత తేలిగ్గా పట్టదని సైన్సు చెబుతుంది. సైన్సు రాకముందే ఆ పని మా కుండల్లో జరుగుతుండేది. కానీ బడిలో మా పక్కన కూర్చోవడానికి పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నేను ఇంటికి వచ్చి, "నాకు గొడ్డుకూర వద్దు" అని ఏడ్చేవాణ్ణి. ఆ తిండిలో బలం ఉన్నది. ఆ బలాన్ని సిగ్గు మింగేసింది. 2012లో ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు జరిగిన గొడవ చూసి, ఆ సిగ్గు మాది కాదు, మాకు అంటగట్టింది అని గట్టిగా అనుకున్నాను.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం తెచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఆకలి ఎరగనివాళ్ళు. మా వాడలో పండుగకే కనబడే తెల్లబువ్వ ప్రతి రాత్రీ కనబడ్డది. కాని బియ్యం వచ్చినంత వేగంగా జొన్న పోయింది. గింజల కూలి పోయి పైసల కూలి వచ్చింది. చేలల్లోకి పత్తి వచ్చింది, మందుల పిచికారీ వచ్చింది, గట్ల మీది కూర పోయింది. కడుపు నిండింది, కంచంలో మాత్రం తెల్లబువ్వ, ఎర్రకారం మిగిలినయి. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో పది దాటదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది నుంచి రేషన్ బియ్యం ఉచితం. చిరుధాన్యాలు గొప్పవని చెప్పేది మాకు, చేతికిచ్చేది బియ్యం. జొన్నలు, రాగులు కావాలంటే దుకాణంలో కొనుక్కోవాలి.

ఇంతవరకు చెప్పింది బయటి అన్యాయం. అది చెప్పడం నాకు అలవాటే. సభల్లో చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను. చెప్పనిది ఇంకొకటి ఉంది.

మా అవ్వ దొర కొట్టంలో పెండ తీసేది. పండుగ మర్నాడు ఆ ఇంట్లో మిగిలిన బువ్వ, పులుసు ఆమె గిన్నెలో పైనుంచి పోసేవాళ్ళు. మేము ఆ గిన్నె కోసం ఎదురుచూసేవాళ్ళం. ఒకరోజు అవ్వ ఉత్త చేతులతో వచ్చింది. "ఇయ్యాల్టి సంది ఆ కూడు మనకొద్దు" అన్నది. ఎందుకో చెప్పలేదు. నేను నేల మీద పడి కాళ్ళు కొట్టుకొని ఏడ్చాను. అవ్వ కొట్టలేదు, బుజ్జగించలేదు. కుండ దింపి గటక పెట్టింది.

యూనివర్సిటీకి పోయాక చదివాను. 1927లో మహద్ సభలో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం తినొద్దని, ఎంగిలి కూటికి చెయ్యి చాపొద్దని చెప్పాడని. మా అవ్వ ఆ పేరు కూడా అప్పటికి వినలేదు. అయినా అదే పని చేసింది. నా ఒళ్ళు పులకరించింది. మా అవ్వ ఆత్మగౌరవం గురించి రాశాను, మాట్లాడాను. కాని ఒక లెక్క మాత్రం వెయ్యలేదు. ఆ రోజు దొరింటి బువ్వ రాలేదు. ఇంట్లో ఉన్నది మానెడు జొన్నల గటకే. నాకు, అక్కకు, అయ్యకు ఎప్పటిలాగే కంచం నిండింది. మరి తగ్గింది ఎవరికి?

అవ్వ కుండలో నీళ్ళు పోసి, అడుగు గీకి, ఆ నీళ్ళు తాగి పడుకున్నది. అది నేను చూశాను. చూసి నిద్రపోయాను. అవ్వ తిన్నదా అని ఆ ఇంట్లో ఎవరం అడగలేదు.

చాలా ఏండ్లకు అవ్వ కళ్ళు తిరిగి పడిపోతే టౌన్ ఆస్పత్రికి తీసుకపోయాను. ఆడవాళ్ళకు పన్నెండు గ్రాములు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఆమెకు ఆరే ఉన్నది. "ఏం తింటవమ్మా?" అన్నాడు డాక్టరు. "ఇంట్ల అందరం తినేదే తింట సారూ" అన్నది. పక్కనే ఉన్న నాకు అది అబద్ధమని తెలుసు. ఆమె ఆ అబద్ధం నా పరువు కోసం చెప్పింది. నేను నోరు విప్పలేదు.

దేశంలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని, అదే వయసు మగవాళ్ళలో 25 మందికే ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నెలసరి, కాన్పులు ఒక కారణమే. కాని ఒకే పొయ్యి మీద ఉడికిన తిండి ఎవరి కంచంలోకి ఎంత పోతున్నదనేది కూడా కారణమే. దాన్ని ఏ సర్వేవాడూ వచ్చి తూచక్కరలేదు. మన ఇంట్లో మనం తూచుకోవచ్చు.

మిత్రులారా, కోపం తెచ్చుకోకుండా వినండి. దొర ఇంట్లో మిగిలింది తినడాన్ని మా అవ్వ ఒక్కరోజులో వదిలేసింది. మా ఇంట్లో మిగిలింది తినడాన్ని చచ్చేదాకా వదల్లేదు. మొదటిదాన్ని మనం కులం అన్నాం, తిరగబడ్డాం. రెండోదాన్ని తల్లిప్రేమ అన్నాం, దండం పెట్టాం. ఆఖరున ఉన్నవాళ్ళకు మిగిలింది పెట్టడం అన్యాయమైతే, అది గడీలో జరిగినా గుడిసెలో జరిగినా అన్యాయమే. అవ్వ ప్రేమ అబద్ధం అనడం లేదు. ఆ ప్రేమను వాడుకొని పెరిగిన మేము దాన్ని త్యాగం అని పొగడటం మాకు సౌకర్యంగా ఉన్నదంటున్నాను. ఆత్మగౌరవానికి ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు ఇంటిల్లిపాదీ కట్టాలి, ఒక్క మనిషి నెత్తురుతో కట్టకూడదు.

"పేదరికం లేకపోతే ఈ పంపకం గొడవే లేదు కదా" అని ఒక విద్యార్థి నన్నడిగాడు. నిజమే. కూలి పెరగాలి, భూమి రావాలి, రేషన్‌లో జొన్న, పప్పు రావాలి. అది కలగాదు. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు 1990లలోనే బీడు భూములు దున్ని, పండిన జొన్నలను తమ ఊళ్ళలోనే రేషన్‌గా పంచుకున్నయి. కాని అవన్నీ వచ్చేదాకా కుండ ముందు న్యాయం ఆగాలా? తక్కువ ఉన్నప్పుడే కదా న్యాయం అవసరం. అందరికీ నిండా ఉన్నప్పుడు పంపకం గురించి ఎవడు అడుగుతాడు?

అక్క ప్రశ్నకు నేను కాగితం మీద లెక్క వేశాను. నలుగురికి రోజూ గుడ్డు, పప్పు, పాలు, ఒక పండు. ఆమెకు పని దొరికిన రోజుల కూలి మొత్తం ఆ కాగితం మీదే అయిపోయింది. నూనెకు, బియ్యం పైన ఖర్చులకు, పిల్ల ఫీజుకు ఏమీ మిగలలేదు. చూపించాను. "గా కాయితం ఆ మేడంకు పంపియ్యిరా తమ్మీ" అన్నది. పంపించాను. జవాబు ఇంకా రాలేదు.

ఆ రాత్రి అక్క ఇంట్లోనే తిన్నాను. తునకల కూర, పుంటికూర, బువ్వ. అక్క కుండ నడుమ పెట్టి, ముందు కంచాలు లెక్కపెట్టింది. ఐదు. ఐదింట్లో ఒకేసారి వడ్డించి, తన కంచం ముందర పెట్టుకొని మాతోపాటే కూర్చున్నది. కూర కొంచెమే. అందరికీ రెండేసి ముక్కలు వచ్చినయి. అల్లుడు ఇంకొక ముక్క కోసం కుండలోకి చూశాడు. "ఇంక లేదు" అన్నది అక్క, తన ముక్క నములుతూ.