చర్మసంరక్షణ – ఒక నైతిక ప్రశ్న

మగవాడు తన ఒంటి చర్మాన్ని గురించి రోజూ కొంతసేపు శ్రద్ధ తీసుకోవడం తప్పా? ప్రశ్న చిన్నదిగానూ, కొంత హాస్యాస్పదంగానూ కనిపిస్తుంది. దేశంలో ఇన్ని సమస్యలుండగా మొహానికి రాసుకునే పూతల మీద వ్యాసమా అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. ఆ నవ్వునే కాస్త పరీక్షించాలని నా వుద్దేశం. ఈ విషయంలో మన అభ్యుదయ శిబిరంలో ఒక అభిప్రాయం చర్చ లేకుండానే స్థిరపడిపోయింది. ఒంటిని పట్టించుకోవడం బూర్జువా విలాసమనీ, మాసిన గడ్డమూ పగిలిన మడమా నిజాయితీకి గుర్తులనీ మనలో చాలామంది నమ్ముతున్నారు. అద్దం ముందు రెండు నిమిషాలు ఎక్కువ నిలబడిన విద్యార్థిని "ఏం హీరో" అని వెక్కిరించే లెక్చరర్లను మా స్టాఫ్ రూములోనే చూస్తున్నాను. వాళ్ళలో సగంమంది మనవాళ్ళే.

ఈ అభిప్రాయం శ్రామికవర్గం నుంచి వచ్చిందని చెప్పడానికి ఆధారమేమీ లేదు. చేలో పని ముగించిన కూలీ కాలువ దగ్గర కాళ్ళూ మొహమూ కడుక్కోకుండా ఇంటికి పోడు. భోగినాడో దీపావళినాడో నువ్వులనూనె పట్టించుకుని, సున్నిపిండితో నలుచుకుని, కుంకుడురసంతో తలంటుకోవడం కలిగినవాళ్ళ ఇళ్ళకే పరిమితమైన ఆచారం కాదు. పగిలిన మడమలకు ఆముదం రాసుకుని పడుకునే ముసలివాళ్ళు ప్రతి వూళ్ళోనూ వున్నారు. శరీరం తుచ్ఛమనీ, ఇది వుత్త తోలుతిత్తి అనీ ఈసడించింది వైరాగ్య సాహిత్యం. ఆ వైరాగ్యంలో ఒక సౌకర్యమున్నది. శరీరం తుచ్ఛమైనప్పుడు, ఎండలో మాడే శరీరాన్ని గురించి ఎవరూ ఎవరికీ సమాధానం చెప్పనక్కరలేదు గదా! మనం దేవుణ్ణి వదిలేశాం గాని, సన్యాసిని మాత్రం ఇంట్లో వుంచుకున్నాం.

పోనీ, మగవాడి చర్మపోషణ నిన్న మొన్న కంపెనీలు పుట్టించిన వేలంవెర్రి అందామా? అదీ నిజం కాదు. క్రీస్తుశకం తొలి శతాబ్దాలనాటి వాత్స్యాయనుడు కామసూత్రాలలో నాగరకుని దినచర్యకు ఒక పట్టికే ఇచ్చాడు. రోజూ స్నానం, రెండు రోజులకొకసారి ఒళ్ళు మర్దన, మూడు రోజులకొకసారి నురుగునిచ్చే పదార్థంతో రుద్దుకోవడం, నాలుగు రోజులకొకసారి క్షౌరం. ఈనాటి యువకుడు ఫోనులో చూసి నేర్చుకునే దినచర్యకు ఇది పెద్దగా తీసిపోదు. తేడా ఒకచోట వున్నది. ఆ నాగరకుడు తన ఒంటిని తాను రుద్దుకునేవాడు కాదు. ఆ పట్టికలో కనిపించని చేతులు చాలా వున్నాయి.

సాహిత్యంలో ఆ చేతులకు ఒకచోట నోరు వచ్చింది. శూద్రకుని మృచ్ఛకటికం రెండో అంకంలో సంవాహకుడనే పాత్ర వస్తుంది. సంవాహకుడంటే ఒళ్ళుపట్టేవాడు. పాటలీపుత్రంలో ఒక గృహస్థు కొడుకు. ఉజ్జయినికి వచ్చి చారుదత్తునివద్ద ఒళ్ళుపట్టే కొలువు చేశాడు. యజమాని చితికిపోయాక జూదంలోకి దిగి, పది సువర్ణాల అప్పుపడి, జూదగాళ్ళు తరుముతుంటే వసంతసేన ఇంట్లో దూరాడు. సుకుమారమైన కళ నేర్చుకున్నావే అని ఆమె మెచ్చుకోబోతే, కళగానే నేర్చుకున్నాను, ఇప్పుడది బతుకుతెరువైపోయిందని అతడు జవాబు చెబుతాడు. చివరకు బౌద్ధభిక్షువై పోతాడు. నాటకాన్ని క్లాసులో చెప్పేటప్పుడు చారుదత్తుని ఔదార్యం గురించి ఎంతసేపైనా చెబుతాం. ఆ ఔదార్యమూర్తి ఒళ్ళు ఎవరి చేతుల్లో మెత్తబడిందో చెప్పకుండానే పీరియడు అయిపోతుంది.

మన పల్లెల్లో ఆ చేతులు మంగలివి. ఏడాది పొడుగునా రైతుల గడ్డాలు గీసి, పెళ్ళిళ్ళలో నలుగు పెట్టించి, కళ్ళంలో మేర కింద ఇంత ధాన్యం కొలిపించుకునేవాడు. అతడి కత్తి ఎవరి గడ్డం మీద పడవచ్చునో ఎవరి గడ్డం మీద పడరాదో నిర్ణయించేది మాత్రం అతడు కాదు, వూరి పెత్తందార్లు. మాలమాదిగలకు క్షౌరం చేస్తే వూరంతా అతణ్ణి వెలివేసేది. 1955 అస్పృశ్యతా నేరాల చట్టం, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారిన ఆ చట్టమే, ఇలా సేవ నిరాకరించడాన్ని నేరంగా ప్రకటించవలసి వచ్చింది. చర్మసంరక్షణ సొంత విషయమనేవాళ్ళు ఈ చరిత్రను ఒకసారి తలుచుకోవాలి.

ఈ సందర్భంలో ఒక తమాషా విషయం చెప్పకుండా వుండలేను. మగవాడి గడ్డాన్ని మంగలికత్తినుంచి విడిపించి అతడి చేతికే ఇచ్చిన సేఫ్టీ రేజరుకు 1904లో అమెరికాలో పేటెంటు పొందిన కింగ్ కాంప్ జిలెట్, అంతకు పదేళ్ళ ముందు, 1894లో, 'ది హ్యూమన్ డ్రిఫ్ట్' అనే పుస్తకం రాశాడు. పోటీయే సకల అనర్థాలకూ మూలమనీ, ఉత్పత్తి అంతా ప్రజలందరిదీ అయిన ఒకే సంస్థ కిందికి రావాలనీ అందులో వాదించాడు. ఆ కలలు కన్న మనిషి వాడి పారేసే బ్లేళ్ళు అమ్మి కోటీశ్వరుడయ్యాడు. ఉటోపియన్ సోషలిజానికి పట్టే గతి ఇదేనని మిత్రులు అనవచ్చు. అనండి. అయినా తన గడ్డం తాను గీసుకోవడం ఒక పురోగమనమే. తన ఒంటి శుభ్రతకు తన చేతినే ఉపయోగించే మగవాడు, ఆ మేరకు, మరొకరి వంశపారంపర్య వెట్టిమీద బతకడం మానుకున్నాడు. స్వయంగా మొహం కడిగి, నూనెరాసుకుని, గడ్డం గీసుకునే అలవాటులో నాకు విలాసం కనిపించదు.

విలాసం కన్నా ప్రమాదకరమైనది వేరే వున్నది. దానిపేరు సిగ్గు. 1975లో హిందుస్థాన్ లీవర్ ఆడవాళ్ళకోసం ఫెయిర్ అండ్ లవ్లీ అనే తెల్లబరిచే క్రీము తెచ్చింది. 2005లో ఇమామీ కంపెనీ మగవాళ్ళకు ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ తెచ్చింది. ఆడవాళ్ళ క్రీము దొంగచాటుగా ఎందుకు రాసుకుంటావు, నీ చర్మం మొరటుది, నీకు వేరే కావాలి అన్నది దాని ప్రచారసారం. ఒక్క దెబ్బతో రెండు అవమానాలు: నల్లగా వుండటం ఒకటి, ఆడదానిలా ప్రవర్తించడం రెండోది. ఉద్యోగం పురుష లక్షణమన్న పాత సామెతకు తెలుపు ఉద్యోగ లక్షణమనే కొత్త తోక తగిలించారు. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి రంగునుబట్టి మనిషిని తక్కువ చేసి చూపరాదని నియమాలు చేసింది. 2020లో లీవర్ తన డబ్బా మీద ఫెయిర్ మాట చెరిపి గ్లో అని రాసింది. మగవాళ్ళ డబ్బా గ్లో అండ్ హ్యాండ్సమ్ అయింది. మాట మారింది గాని పూతను అమ్మడం ఆగలేదు. 2024 డిసెంబరులో ఢిల్లీలోని ఒక జిల్లా వినియోగదారుల ఫోరం, వాగ్దానం చేసిన తెలుపు రాలేదన్న ఫిర్యాదు మీద, ఇమామీ పద్నాలుగున్నర లక్షల రూపాయలు చెల్లించాలని తీర్పు చెప్పింది. మన కావ్యాల్లో మగవాడి చర్మానికి పూసిన లేపనాలలో పేరుపడ్డది మనుచరిత్రలో సిద్ధుడు ప్రవరుడి కాళ్ళకు పూసింది. అది కూడా మంచుకు కరిగిపోయి నమ్మినవాణ్ణి కొండల్లో వదిలేసింది. అయితే ఆ సిద్ధుడు డబ్బు పుచ్చుకోలేదు.

రెండేళ్ళ క్రితం నా డిగ్రీ తరగతిలో ఒక కుర్రవాడి మొహం ఉన్నట్టుండి ఎర్రబడటం మొదలయింది. మెడదాకా ఒక రంగు, మెడకింద ఒక రంగు. ఎండలోకి వెళితే మంట, బుగ్గలనిండా మొటిమలు. ఏడెనిమిది నెలలుగా మందుల షాపులో అడిగితే ఇచ్చిన ట్యూబు రాస్తున్నాడట. డాక్టరు చూసి అందులో స్టెరాయిడ్ వున్నదన్నాడు. ఈ పూత మొదటి వారాల్లో మొహాన్ని నునుపుగా, తెల్లగా చేస్తుంది. తరువాత చర్మం పలచబడి, లోపలి సన్నని రక్తనాళాలు పైకి కనబడతాయి. మానేస్తే మంట రెట్టింపై, మళ్ళీ ట్యూబు దగ్గరకే తోలుతుంది. 2018లో కేంద్రప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని వుత్తర్వు చేసింది. ఆ కుర్రవాణ్ణి ఏ షాపులోనూ ఎవరూ చీటీ అడగలేదు.

అతడి తండ్రి తాపీమేస్త్రీ. సెలవుల్లో కుర్రవాడు కూడా తండ్రి వెంట పనికి పోయేవాడు. ఇంత రాయవలసిన అవసరమేమొచ్చిందని అడిగాను. "నల్లగా వున్నానని కాదు మాస్టారూ. కూలిపనికి పోయేవాడిలా కనబడుతున్నానని" అన్నాడు.

ఆ మాట ముందు మన స్టాఫ్ రూము వెక్కిరింత ఎంత గుడ్డిదో చూడండి. అతడు చెరిపేయాలనుకున్నది ఒక రంగును మాత్రమే అయితే, కృష్ణుడు నలుపు, రాముడు నలుపు అని నాలుగు పద్యాలు చెప్పి పంపేసేవాణ్ణి. కాని అతడు చెరిపేయాలనుకున్నది తండ్రి పనిని. మన భాష కూడా అతడికి అదే నేర్పింది. సుఖంగా పెరిగినవాణ్ణి ఎండ కన్నెరగకుండా పెరిగాడంటాం. ఎండ ఎవరిని చూస్తుందో, ఎవరిని చూడదో ఆ నుడికారంలోనే వర్గవిభజన వున్నది, కులవిభజన వున్నది. చర్మం ఎండనుంచి కాపాడుకోవడానికి తనకు తాను పట్టుకున్న గొడుగు ఆ నలుపు. ఆ గొడుగును నేరానికి రుజువుగా చూపించి డబ్బు చేసుకుంటున్నది మార్కెట్టు. ఇటువంటి సమయంలో "అందం పిచ్చి" అని నవ్వేవాడు ఆ కుర్రవాడికి ఏ సహాయమూ చెయ్యడు. ఆ దుకాణానికే తోలుతాడు.

నష్టం చర్మం దగ్గరే ఆగదు. కేరళలో మలప్పురం జిల్లాలో కొందరు వైద్యులు 2021 జూలై, 2023 సెప్టెంబరు మధ్య తమవద్దకు వచ్చిన ఒక రకం మూత్రపిండ వ్యాధిని పరిశీలించారు. ఇరవై రెండు మంది రోగులలో పదిహేనుమందికి ఒక అరుదైన రూపం కనిపించింది. ఆ పదిహేనుమందిలో పదమూడుమంది తెల్లబరిచే క్రీములు వాడామని ఒప్పుకున్నారు. అనుమానం పాదరసం మీద. మొహానికి రాసిన పాదరసం చర్మంలోంచి రక్తంలోకి పోయి మూత్రపిండాలను తింటుంది.

మరి చర్మానికి నిజంగా కావలసిందేమిటి? చాలా తక్కువ. మంచినీళ్ళు, ఘాటులేని సబ్బు, స్నానమయ్యాక తడి ఆరకముందే ఇంత కొబ్బరినూనె, మొహం తడిపాక వెంట్రుక వాలిన దిక్కున కత్తి, మధ్యాహ్నం నీడ, నీడ దొరకనివాడికి తలపాగా, నిండుచేతుల చొక్కా, వీలైతే ఎండకు అడ్డుపడే క్రీము. ఈ జాబితా చూసి ఇంతేనా అన్నాడు ఒక విద్యార్థి. ఇంతే. కాని ఇందులో నీళ్ళూ నీడా తీరికా ఎంతమందికి వున్నాయో లెక్కపెడితే, ప్రశ్న అద్దం ముందునుంచి పనిచోటుకు పోతుంది.

శ్రామికవర్గం ఈ ప్రశ్నను మనకన్నా ముందే అక్కడికి తీసుకుపోయింది. ఒకప్పుడు బ్రిటన్‌లో బొగ్గుగని కార్మికుడు మసితోనే ఇంటికి నడిచిపోయి, పొయ్యి ముందు తొట్టెలో కూచుంటే, భార్య నీళ్ళు కాచి వీపు రుద్దేది. 1926లో చేసిన చట్టం బొగ్గుమీద రాయల్టీ తినే భూస్వాములపై సుంకం వేసి, ఆ డబ్బుతో గనిద్వారాల దగ్గర స్నానశాలలు కట్టించింది. కాళ్ళు కడిగితే నడుంనొప్పి వస్తుందని నమ్మే పాతకాలపు కార్మికులు ఇంకా వున్నారని 1937లో జార్జ్ ఆర్వెల్ రాశాడు. వాళ్ళ పిల్లలు మాత్రం గనిలోంచి శుభ్రమైన మొహంతో వూళ్ళోకి నడిచారు, తల్లుల వీపులు కొంత నిటారయ్యాయి. మన దేశంలోనూ 1959లో బొగ్గుగనుల స్నానశాలల నియమాలు వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 42వ సెక్షనులో కార్మికులు కడుక్కోవడానికి ఏర్పాట్లుండాలని రాశారు. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఆ మాట వున్నది. ఈ సెక్షన్లను మన విద్యార్థులెవరూ సౌందర్యశాస్త్రం కింద చదవరు.

తాపీమేస్త్రీ చేతులనే తీసుకుందాం. తడి సిమెంటుకు సున్నానికున్నంత క్షారగుణం వున్నది. గంటలకొద్దీ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది. అందులో కరిగే క్రోమియం చర్మంలోకి ఇంకి, ఒకసారి పడకపోవడం మొదలయితే జీవితాంతం తామరలాగా వేధిస్తుంది. సిమెంటు ముట్టుకున్నప్పుడల్లా వేళ్ళు పగిలి నీరు కారతాయి. "సిమెంటు చేతులు తినేసింది" అని మేస్త్రీలు చెప్పుకునేది దీనినే. ఐరోపా యూనియన్ 2005 నుంచి సిమెంటులో ఈ క్రోమియం పదిలక్షల పాళ్ళలో రెండు పాళ్ళు మించరాదని శాసించింది. కంపెనీలు కాస్త ఫెర్రస్ సల్ఫేటు కలిపి ఆ పని చేస్తున్నాయి. ఏ మేస్త్రీ ఏ క్రీమూ కొనుక్కోకుండానే అక్కడ లక్షలాది చేతులకు చర్మసంరక్షణ జరుగుతున్నది.

ఆ కుర్రవాడు ఇప్పుడు ట్యూబు మానేశాడు. మొహం పూర్తిగా బాగుపడలేదు. మా కాలేజీలో కొత్త తరగతిగదులు కడుతున్నారు. అతడూ, విద్యార్థి సంఘం వాళ్ళూ కలిసి కాంట్రాక్టరును నాలుగు అడిగారు. సిమెంటు కలిపేచోట ఒక కుళాయి, సబ్బు, మోచేతులదాకా రబ్బరు తొడుగులు, పన్నెండునుంచి మూడుదాకా టార్పాలిన్ నీడ. కుళాయి వెంటనే వచ్చింది. తొడుగులు ఇద్దరికొక జత చొప్పున వచ్చాయి. మిగిలినవాటిని గురించి ఇంకా మాట్లాడుతున్నారు.